ముందు తలుపు తాళం

మా ఇంటిని స్వాధీనం చేసుకునే రోజున తాళం తీయడానికి ఫైనాన్స్ కంపెనీ పిలిపించిన మేస్త్రి మా నాన్నే.

ఇందులో వాళ్ళ తప్పు పెద్దగా లేదు. వాయిదాలు కట్టలేక చేతులెత్తేసిన వాళ్ళ ఇళ్ళ తలుపులు తెరవడానికి ఆ కంపెనీ జాబితాలో ఉన్నది ఆయనొక్కడి పేరే. తలుపు మీద గీత కూడా పడకుండా తాళం తీయాలి, దాని స్థానంలో కొత్తది బిగించాలి, తాళంచెవి ఆఫీసరు చేతిలో పెట్టాలి. తలుపు దెబ్బతింటే వేలంలో ఇల్లు తక్కువకి పోతుందని కంపెనీ దిగులు. పక్క వీధిలో ఇంకో తాళాలవాడు ఉన్నాడు గానీ, అతను ఎంత చిన్న తాళాన్ని చూసినా డ్రిల్లింగ్ మిషను బయటికి తీస్తాడు. అందరూ అతన్ని డ్రిల్లు అనే పిలుస్తారు. అతను తెరిచిన తలుపుని చూస్తే దొంగలు కూడా జాలిపడతారు.

అసలు సంగతి వేరే ఉంది. తీసిన తాళాలకి కంపెనీ నాన్నకి కూలి సరిగ్గా ఇచ్చేది కాదు. బిల్లు పెడితే నెలలు గడిచేవి. కూలి రాక, నాన్న ఇంటి మీద తీసుకున్న అప్పుకి వాయిదాలు కట్టలేకపోయాడు. ఆ అప్పు ఇచ్చింది కూడా అదే కంపెనీ.

ఆ ఎండాకాలం మొదట్లో, కంపెనీ వసూళ్ళ ఆఫీసరు మా వంటింట్లో కూర్చుని టీ తాగుతూ ఈ చిక్కుముడి గురించి వినాల్సి వచ్చింది. మెత్తటి మనిషి. ఎవరితో ఏం మాట్లాడినా "ఏమీ అనుకోకండి" అనే మొదలుపెట్టేవాడు. మా ఇంట్లో ఆయన పేరు అనుకోకండి గారు.

"ఏమీ అనుకోకండి మేస్త్రీ, ఈ నెల కూడా కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకునే హక్కు కంపెనీకి వచ్చేస్తుంది. మీరు సంతకం పెట్టిన పత్రంలోనే ఉందది."

"మీరు నాకివ్వాల్సింది ఇవ్వండి సార్. అదే చేత్తో మీకు కట్టేస్తా."

"అది వేరే సెక్షనండీ."

"మేడ ఒకటేగా?"

"మేడ ఒకటే. వాళ్ళు పై అంతస్తు, మేం కింద. ఏమీ అనుకోకండి, మాకూ వాళ్ళకీ మాటల్లేవు."

అమ్మ ఆయన కప్పులో ఇంకాస్త టీ పోసింది. "అయితే ముందు ఆ పై అంతస్తుని స్వాధీనం చేసుకోండి. మా ఆయన వచ్చి తాళం తీసిపెడతారు" అంది.

ఆఫీసరు నవ్వాడు. నవ్వినందుకు భయపడి, కప్పు కింద పెట్టి, పెరటి తలుపు నుంచి వెళ్ళిపోయాడు. వచ్చింది కూడా అటునుంచే. మా ఇంటికి ముందు తలుపు ఉంది. కానీ అది తెరుచుకోదు.

దానికున్న తాళం నాన్న సొంతంగా చేసింది. తలుపు చెక్కలోనే ఇమిడి ఉంటుంది, తలుపు వేస్తే దానంతటదే పడుతుంది, లోపల్నుంచైనా సరే తాళంచెవి లేనిదే తెరుచుకోదు. అలాంటి తాళంలో లోపల ఇత్తడి పలకలు ఉంటాయి. తాళంచెవి తిప్పితే అవన్నీ ఒక వరసలోకి వస్తాయి, అప్పుడు గడియ జరుగుతుంది. తాళంచెవి లేనప్పుడు మేం రెండు సన్నటి ఊచలు లోపలికి పోనిచ్చి, పలకల్ని ఒక్కొక్కటిగా వరసలోకి ఎత్తుతాం. నాన్న తన తాళంలో అదనంగా ఒక పలక దాచాడు. దాని పేరు దొంగ పలక. ఊచ దానికి ఏమాత్రం గట్టిగా తగిలినా, అప్పటిదాకా ఎత్తినవన్నీ టపటపా పడిపోతాయి. మళ్ళీ మొదటికి రావాల్సిందే.

"దీన్ని నేను కూడా తీయలేను!" అని, బిగించిన రోజున వీధి వీధంతా వినేలా చెప్పుకున్నాడు.

మంచి తాళానికి ఒక్కటే తాళంచెవి ఉండాలని ఆయన సిద్ధాంతం. ఇంకోటి చేయడానికి కొలతలు కూడా రాసి పెట్టుకోలేదు. ఆ ఒక్కదాన్నీ, ఎవరూ వెతకరని, పాత తాళంచెవుల డబ్బాలో కలిపేసి పెట్టాడు. వాయిదాకి కాస్త తక్కువ పడిన నెలలో, ఒక పొద్దున్నే, తలుపు ఇంకా తీయకముందే, అమ్మ ఆ డబ్బాని పాత ఇనుము కొనేవాడికి తూకానికి అమ్మేసింది.

తర్వాత ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణలో సగం ఇక్కడ రాయడానికి వీల్లేదు. మిగతా సగం ఇది.

"దాచేవాళ్ళు చెప్పి దాచాలి!"

"చెప్పి దాస్తే దాన్ని దాచడమంటారటే?"

"ఇంత చేసినవాళ్ళు తీసుకోలేరా మరి?"

ఈ ప్రశ్నకి మా నానమ్మ తన మంచం మీంచే తీర్పు చెప్పేసింది. "నా కొడుకు తీయలేని తాళం ఇంకా పుట్టలేదు."

దాంతో ప్రతి ఆదివారం భోజనాలయ్యాక నాన్న పెరటి దారిలో చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు ఎదుట స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నేను పక్కన నిలబడి చెయ్యి పెట్టేదాన్ని. చెయ్యి పెట్టడమంటే తాళం బిళ్ళ మీద రెండు వేళ్ళు ఆనించి ఉంచడం. లోపల పలక వరసలోకి వచ్చినప్పుడు, చీమ నడిచినంత కదలిక వేళ్ళకి తెలుస్తుంది. అప్పుడు "పడింది" అనాలి. నేను చదువు ముగించి కొట్లో కూర్చోవడం మొదలుపెట్టిన రోజునే నాన్న నాకు చెప్పిన మాట ఒకటుంది.

"వేళ్ళకి తెలిసిందే చెప్పు. నేను వినాలనుకున్నది చెప్పకు. అబద్ధమాడే చెయ్యి ఈ పనికి పనికిరాదు."

పడింది, పడింది, పడింది అంటూ చివరిదాకా వచ్చేవాళ్ళం. అంతలో టపటపా. అన్నీ పోయేవి. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి "అయ్యో" అనేవారు. డ్రిల్లు సరిగ్గా ఆ వేళకే బండి మీద అటుగా వచ్చేవాడు.

"గురువుగారూ, మిషను పంపించమంటారా?"

"ఆ మిషనుతో ముందు నీ చెవుల్లో గుబిలి తీసుకో!"

ఒక మధ్యాహ్నం అనుకోకండి గారు వచ్చాడు. ఈసారి టీ వద్దన్నాడు. అప్పుడే అమ్మకి అర్థమైపోయింది.

"ఏమీ అనుకోకండి. కోర్టు నుంచి ఉత్తర్వు వచ్చింది. శుక్రవారం ఇల్లు స్వాధీనం చేసుకోవాలి. ఎల్లుండే."

వంటింటి గోడకి ఆనించిన గిన్నె ఒకటి జారి, నేల మీద గిర్రున తిరిగి తిరిగి ఆగింది.

"ముందు తలుపు నుంచే ప్రవేశించాలి" అన్నాడు ఆఫీసరు, చెప్పాల్సిందంతా ఒకేసారి చెప్పేయాలన్నట్టు. "పోయినేడాది ఎవరిదో ఇంట్లోకి పెరటి తలుపు నుంచి వెళ్తే కోర్టు కొట్టేసింది. అది స్వాధీనం కాదు, దూరడం అంది. అందుకని మా లాయరుగారు రాయించేశారు. ప్రధాన ద్వారం తెరవాలి, దానికి ఏ నష్టమూ జరగకూడదు, దాని తాళమే మార్చాలి. సాయంత్రం ఐదింటిలోగా అయిపోవాలి. శనివారం నుంచి కోర్టుకి వేసవి సెలవులు. ఇంకా... ఇంకా..."

"తాళం నేనే తీయాలి" అన్నాడు నాన్న.

"జాబితాలో మీరొక్కరే ఉన్నారండీ."

"కూలి ముందే ఇవ్వాలి."

ఆఫీసరు జేబులోంచి కవరు తీశాడు. కంపెనీ నాన్నకి సమయానికి డబ్బిచ్చిన మొదటి సందర్భం అదే.

ఆయన వెళ్ళాక అమ్మ కవరు లాక్కుని బొడ్లో దోపుకుంది. ఆ తర్వాతే నోరు తెరిచింది.

"మన తలుపు మీరే తెరిచి, మనల్ని మీరే వీధిలోకి పంపుతారన్నమాట!"

"నేను రానంటే ఆ డ్రిల్లుగాణ్ణి జాబితాలోకి ఎక్కిస్తారు. వాడొచ్చి తలుపుని జల్లెడ చేస్తాడు."

"ఇల్లే పోయాక తలుపు జల్లెడైతేనేం, చాట అయితేనేం?"

నాన్న ఊచలకి నూనె రాస్తూ ఉండిపోయాడు.

"అయినా ఆ తాళం మీకు లొంగదుగా" అంది అమ్మ గొంతు తగ్గించి. "ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నారా?"

"ధైర్యం కాదే. నా బాధే అది."

శుక్రవారం పొద్దున అమ్మ ఒక్క గిన్నె కూడా సర్దలేదు. పైగా మంచాలన్నీ జరిపి ఇల్లు కడిగింది. అనుకోకండి గారు, కోర్టు మనిషి పదింటికల్లా వచ్చారు. కోర్టు మనిషి పొడుగ్గా, కర్రలా ఉన్నాడు. సంచిలోంచి ఉత్తర్వు తీసి చదివాడు, చేతి గడియారం చూసుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉందని అమ్మ ఇద్దర్నీ పెరటి వైపు నుంచి లోపలికి పిలిచి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చింది. మా ఇంట్లోనే కూర్చుని, మా మజ్జిగ తాగుతూ, మా ఇంట్లోకి ఎప్పుడు ప్రవేశించగలమా అని వాళ్ళు ఎదురుచూడసాగారు.

బయట వీధంతా చేరింది. ఎదురింటివాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. డ్రిల్లు బండికి స్టాండు వేసి, దాని మీద అడ్డంగా కూర్చున్నాడు.

నాన్న స్టూలు మీద, నేను పక్కన. ఊచలు లోపలికి వెళ్ళాయి.

పడింది. పడింది. టపటపా.

మధ్యాహ్నం దాకా ఇదే. నాన్న చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నీళ్ళు తాగడం, మొహం తుడుచుకోవడం, మళ్ళీ కూర్చోవడం. ఆయన ఆడుతున్న నాటకం కాదది. ఆ మణికట్టు నాకు తెలుసు. ఆ తాళాన్ని ఓడించాలని ఆయన ఒళ్ళంతా కోరుకుంటోంది.

"ఏం గురువుగారూ!" డ్రిల్లు గొంతు లేచింది. "ఊళ్ళో అందరి ఇళ్ళూ చిటికెలో తెరిచారు. సొంతిల్లు అనేసరికి చెయ్యి రావట్లేదా?"

జనం నవ్వారు. నాన్న మెడ ఎర్రబడింది.

కిటికీ ఊచల వెనక నుంచి నానమ్మ అందుకుంది. "ఎవడ్రా ఆ కూసేది? నా కొడుకు తీయలేని తాళమా? తీయరా నాయనా, తీసి వాడి మొహాన కొట్టు! ఇల్లు పోతే పోయింది!"

"అత్తయ్యా!" అంది అమ్మ లోపల్నుంచి.

"నువ్వూరుకోవే! పరువు ఉంటే ఇల్లు ఇంకోటి కట్టుకోవచ్చు!"

"కట్టుకున్నది పోతోందిక్కడ!"

కోర్టు మనిషి బయటికి వచ్చి గడియారం చూశాడు. "నాలుగున్నర" అన్నాడు ఎవర్నీ ఉద్దేశించకుండా.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. అన్ని ఆదివారాల్లోనూ ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాడు. కింది ఊచని వెనక్కి తీసి, తిరగేసి, ఎడమచేత్తో పోనిచ్చాడు.

పడింది.

పడింది.

నా గొంతు నాకే వినిపించనంతగా తగ్గిపోయింది. దొంగ పలక ఊచ కిందికి వచ్చింది, నాకు తెలిసింది. నాన్న దాన్ని ఒత్తలేదు. ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న పసిపిల్ల చెయ్యి జరిపినట్టు పక్కకి జరిపాడు. అది జరిగింది. దాని వెనక ఒకే ఒక్క పలక మిగిలి ఉంది. ఊచ దాని కిందికి వెళ్ళింది.

నా వేళ్ళ కింద చీమ నడిచింది.

గడియ ఒక్క వెంట్రుకవాసి కదిలి, చెయ్యి కోసం ఎదురుచూస్తున్నట్టు ఆగింది. ఇక తిప్పడమే.

నాన్న కళ్ళు తెరిచాడు. నా వైపు చూశాడు.

"పడిందా?"

లోపల వంటింట్లో అమ్మ మజ్జిగ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మా సింకులో, మా కుళాయి కింద.

"లేదు నాన్నా" అన్నాను.

ఆయన నన్ను అలాగే చూశాడు కాసేపు. తర్వాత ఊచలు వెనక్కి లాగేశాడు.

టపటపా.

"నా వల్ల కాదు సార్" అన్నాడు లేచి నిలబడి, అందరికీ వినపడేలా. "ఈ తాళం నాకు లొంగదు."

నానమ్మ కిటికీ రెక్క దభాలున మూసేసింది. డ్రిల్లు బండి మీంచి దూకాడు. "సార్, నాకు పావుగంట ఇవ్వండి. తలుపు మీద చిల్లు ఇంతే, బఠాణీ గింజంత!"

కోర్టు మనిషి ఉత్తర్వు మళ్ళీ చదివాడు. "ఏ నష్టమూ జరగకూడదు అని ఉంది. బఠాణీ గింజ కూడా నష్టమే."

"ఏమీ అనుకోకండి" అన్నాడు ఆఫీసరు డ్రిల్లుతో. "పైగా మీరు జాబితాలో లేరు."

ఐదు కొట్టింది. కోర్టు మనిషి సంచి సర్దుకున్నాడు. సెలవులయ్యాక మళ్ళీ కొత్త ఉత్తర్వు తెచ్చుకోవాలని చెప్పి, మజ్జిగ బాగుందని అమ్మకి చెప్పమని నాతో అని, వెళ్ళిపోయాడు.

నాన్న పెరటి తలుపు దాకా నడిచి, "ఏమేవ్, ఆ కవరు" అన్నాడు.

"ఏ కవరు?"

"పని కాలేదు. కూలి ముట్టకూడదు."

బొడ్లోంచి ఆ కవరు బయటికి రావడానికి పట్టినంత సేపు ఆ రోజు తాళానికి కూడా పట్టలేదు. ఆఫీసరు దాన్ని అందుకుని, జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

చేతులు కడుక్కుంటూ నాన్న నా వైపు చూడకుండా అన్నాడు. "నీ వేళ్ళు మొద్దుబారినట్టున్నాయి."

"ఎండకి, నాన్నా."

"నా మణికట్టు కూడా" అన్నాడు.

మర్నాటి నుంచి డ్రిల్లు ఊరంతా తిరిగాడు. టీ కొట్టు దగ్గర, బస్సు స్టాపులో, క్షవరం చేయించుకుంటూ, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ చెప్పాడు. "మేస్త్రి పని అయిపోయింది! తను చేసిన తాళం తనే తీయలేకపోయాడు! పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా! కోర్టు మనిషి సాక్ష్యం!" వినని వాళ్ళని ఆపి మరీ వినిపించాడు. నాన్న కొట్లో తల వంచుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ఆయన చేతుల వైపు చూసి, చూపు తిప్పుకునేవారు. ఆయన అన్నం సగంలో వదిలేసి లేవడం ఆ వారంలోనే చూశాను.

తర్వాత వచ్చాడు మందుల షాపాయన. రాత్రి షట్టరు దించాక నిద్రపట్టని మనిషి.

"మేస్త్రీ, ఆ తాళం, చేసినవాడు కూడా తీయలేనిది. అలాంటిది నాకొకటి చేసిపెడతావా?"

నాన్న తలెత్తాడు. నోరు తెరిచాడు. క్యారేజీ తెచ్చిన అమ్మ ఆ నోటికి అడ్డుపడింది.

"చేస్తారండీ. సగం డబ్బు ముందివ్వాలి. రెండు తాళంచెవులు ఇస్తాం. దాచేటప్పుడు మాత్రం ఇంట్లోవాళ్ళకి చెప్పి దాచుకోండి."

ఆయన తర్వాత నగల కొట్టాయన. ఆయన తర్వాత ఇద్దరు కోడళ్ళున్న ఒక అత్తగారు. డ్రిల్లు ఎంత దూరం వెళ్ళి నాన్న పరువు తీస్తే అంత దూరం నుంచి మనుషులు వచ్చారు. కొట్లో ఇత్తడి రజను గాలికి ఎగిరి నా జడలో మెరిసేది. నాన్న పలకలు కోసేవాడు, నేను ఆకురాయి పట్టేదాన్ని. చివరికి కంపెనీ పై అంతస్తు వాళ్ళు కూడా తమ గదికి ఒకటి కావాలని కబురు పెట్టారు. కింది అంతస్తు వాళ్ళ మీద నమ్మకం లేదట. పాత బాకీ మొత్తం తీరిస్తేనే పలక ముట్టుకుంటానని నాన్న కబురు పంపాడు. తీర్చారు. ఆ డబ్బు నాన్న మెట్లు దిగి వచ్చి కింది అంతస్తులో కట్టాడు.

కోర్టు తలుపులు తెరిచేనాటికి మా వాయిదాలు ఒక్కటి కూడా వెనకబడి లేవు.

మొదటి పెద్ద వాన ఆ వారమే పడింది. మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మి, వీధిలో పిట్ట లేదు. నాన్న ఇంట్లోకి వచ్చి, తల తుడుచుకుంటూ, నా చెవి దగ్గర అన్నాడు. "ఎవరైనా ఉన్నారేమో చూడు."

పెరటి దారిలో వెళ్ళి చూశాను. వాన తప్ప ఎవరూ లేరు. నాన్న చూరు కింద నిలబడి, కింది ఊచని ఎడమచేత్తో పోనిచ్చాడు. నేను వేళ్ళు ఆనించాను. పడింది, పడింది అంటూ వచ్చి, చివరిదానికి ఇద్దరం ఆగాం.

"పడిందా?"

"పడింది నాన్నా."

తిప్పాడు. ముందు తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. వానగాలి ఇంట్లోకి ఒక్కసారిగా దూరి, క్యాలెండరుని గోడకేసి కొట్టింది.

"చూశారా! నేను చెప్పలా!" అంది నానమ్మ మంచం మీద లేచి కూర్చుని.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆశ్చర్యపోలేదు. ఎప్పట్నుంచి తెలుసో మేం అడగలేదు. గడప దాటి, పై మెట్టు మీద నిలబడి, పాదాల మీద వాన పడనిచ్చింది. తన ఇంటి ముందు తను నిలబడి ఎన్నాళ్ళయిందో. నాన్న ఆమె పక్కకి వెళ్ళి నిలబడ్డాడు, చేతిలో ఊచలతో.

వీధి మలుపులో గొడుగు కనిపించింది.

"మూసేయండి! మూసేయండి!" అంటూ అమ్మ నాన్నని లోపలికి లాగి, నన్ను తోసి, తలుపు ధడాలున వేసింది. తాళం దానంతటదే పడింది. ముగ్గురం గడప వెనక నక్కాం.

గొడుగు మెట్ల ముందు ఆగింది. "మేస్త్రీ!"

అనుకోకండి గారు. అమ్మ కిటికీ రెక్క కొంచెం తీసింది.

"ఏమీ అనుకోకండి, మా ఇంటికి కూడా ఒక తాళం చెప్దామని వచ్చాను." ఆయన చూపు తలుపు మీద ఉంది. తర్వాత మెట్టు మీదికి దిగింది. అక్కడ అమ్మ తడి పాదాల గుర్తులు చూరు కింద ఇంకా చెరగలేదు. "ఇప్పుడీ తలుపు కదిలినట్టనిపించింది."

"గాలికండీ" అంది అమ్మ.

ఆయన తాళం వైపు చూశాడు. కిటికీలో అమ్మ మొహం వైపు చూశాడు. గొడుగు మీద వాన దడదడా కొట్టుకుంటోంది.

"గాలికే అయ్యుంటుందండీ" అన్నాడు. మెట్టు మీద ఉన్న ఆ గుర్తుల్ని బూటుతో ఒకసారి అటూ ఇటూ రాసి, గొడుగు సర్దుకుని, ఎప్పట్లాగే పెరటి తలుపు వైపు నడిచాడు.